మినీ ట్రాక్టరుకి బ్లాక్ హీటర్ బిగించొచ్చా? పొద్దున్నే స్టార్ట్ అవ్వట్లేదు

వంశధార_గట్టు
మాది హిరమండలం దగ్గర. 24 హెచ్‌పీ మినీ ట్రాక్టరు, మూడు సిలిండర్లది, కొని ఏడేళ్లయింది. నవంబరు ఆఖరు నుంచి ఒకటే గొడవ. పొద్దున్న ఐదింటికి సెల్ఫ్ కొడితే ఎనిమిది పది సార్లకి గానీ అందుకోవట్లేదు, ఈలోపు బ్యాటరీ నీరసించిపోతోంది. అదే బండి ఎండెక్కాక తొమ్మిదింటికి ఒక్క దెబ్బకి స్టార్ట్ అవుతుంది. మా చిన్నాన్న కొడుకు కెనడాలో ఉంటాడు, వాడు బ్లాక్ హీటర్, అంటే ఇంజను బ్లాకుని కరెంటుతో వెచ్చబెట్టేది, పెట్టించుకోమన్నాడు. అక్కడ రాత్రంతా బండికి కరెంటు ప్లగ్గు పెట్టి ఉంచుతారట. సంక్రాంతికి వస్తూ ఒకటి తెస్తానంటున్నాడు. ఇక్కడి మెకానిక్‌ని అడిగితే ఆ పేరే వినలేదన్నాడు. మీలో ఎవరైనా బిగించారా? ఎక్కడ బిగిస్తారు, ఎన్ని వాట్లు, కరెంటు ఎంత కాలుతుంది? నూర్పులు నడుస్తున్నాయి, కిరాయికి ఒప్పుకున్న కళ్లానికి ఆలస్యంగా వెళ్తే మాట పడాల్సి వస్తోంది. టెన్షన్‌తో నిద్ర కూడా పట్టట్లేదు.

జీడితోట_కాశీబుగ్గ
మన వైపు హీటరేంటి గురూ. నాదీ 24 హెచ్‌పీనే, జీడి చెట్ల మధ్య దున్నడానికి కొన్నాను, ఐదేళ్లలో ఏ పొద్దూ రెండో సెల్ఫ్ అడగలేదు. నీ బండిలోనే ఏదో ఉంది.

చీపురుపల్లి_డీజిల్
ముందు ఇది చెప్పు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు పొగ వస్తోందా, లేదా? తెల్లపొగ వస్తోందంటే డీజిల్ సిలిండర్లోకి వెళ్తోంది గానీ మండట్లేదు. అసలు పొగే లేకపోతే డీజిలే వెళ్లట్లేదు, ఎక్కడో ఎయిర్ పట్టింది. రెండూ వేరే రోగాలు, మందులూ వేరు.

వంశధార_గట్టు
తెల్లపొగే అన్నా, చిక్కగా, కళ్లల్లో నీళ్లు తిరిగేంత. ఫోన్లో చూస్తే ఇవాళ 14 డిగ్రీలు చూపించింది.

చీపురుపల్లి_డీజిల్
14 డిగ్రీలకి మొరాయించాల్సిన ఇంజను కాదు అది. నీ రకం చిన్న మూడు సిలిండర్ల ఇంజన్లలో చాలావాటికి డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు. హెడ్డులో ఉన్న చిన్న గదిలో పడి, అక్కడ అంటుకుని, ఆ మంట కిందికి వస్తుంది. పిస్టన్ గాలిని నొక్కినప్పుడు పుట్టే వేడిని చల్లగా ఉన్న ఆ గది గోడలు లాగేసుకుంటాయి, అందుకని ఒక్కో గదికి ఒక్కో హీటర్ ప్లగ్గు పెట్టారు. గ్లో ప్లగ్ అన్నా అదే. తాళాన్ని హీట్ గుర్తు వైపు తిప్పి పట్టుకుంటున్నావా? ఎన్ని సెకన్లు? మూడింట్లో రెండు పోయినా ఎండ పూట నడిచిపోతుంది, పొద్దున్నే దొరికిపోతుంది. నీ లక్షణాలు అచ్చం అలాగే ఉన్నాయి.

వంశధార_గట్టు
హీట్ వైపు అంటే? తాళం నేరుగా సెల్ఫ్‌కే తిప్పుతాను. నాన్న కూడా అంతే. డ్యాష్ మీద చుట్టలాంటి గుర్తు ఒకటుంది, అది వెలగడం ఈ మధ్య చూళ్లేదు.

జీడితోట_కాశీబుగ్గ
దొరికింది దొంగ.

సాస్కటూన్_సిక్కోలు
నాది నరసన్నపేట, ఎనిమిదేళ్లుగా కెనడాలో ఉన్నాను, అందుకని చెబుతున్నాను. ఇక్కడ జనవరిలో మైనస్ 30 మామూలు. ఆఫీసు పార్కింగులో ఒక్కో బండి ముందు ఒక్కో ప్లగ్గు స్తంభం ఉంటుంది. బ్లాక్ హీటర్ లేకపోతే ఇంజనాయిల్ తేనెలా చిక్కబడిపోయి క్రాంకు తిరగనే తిరగదు. దీని పుట్టుక కూడా ఇలాంటి చలి ప్రాంతంలోనే. నార్త్ డకోటాలో ఆండ్రూ ఫ్రీమన్ అనే ఆయన హెడ్డు బోల్టు స్థానంలో బిగించే హీటరుకి 1949లో పేటెంటు తీసుకున్నాడు. ఇప్పుడు వచ్చేవి ఎక్కువగా బ్లాకులో కోర్ ప్లగ్గు అనే రేకు మూత తీసి ఆ కంతలో దిగేవి. నీళ్లని వేడి చేస్తాయి, నీళ్లు బ్లాకుని వేడి చేస్తాయి.

మీ తమ్ముడికి ఒక మాట గట్టిగా చెప్పండి, ఇక్కడి హీటరు అక్కడికి తేవద్దని. ఇక్కడ ఇళ్లలో కరెంటు 120 వోల్టులు. 120 కోసం చేసిన 400 వాట్ల హీటరుని మన 230లో పెడితే దాదాపు 1,470 వాట్లు లాగుతుంది. కాయిల్ కాలిపోతుంది, వైరు కూడా కరిగిపోవచ్చు.

వంశధార_గట్టు
అమ్మో. మంచి మాట చెప్పారు, వాడికి ఇప్పుడే ఫోన్ చేస్తాను.

నాగావళి_ఒడ్డు
ఇంత కథెందుకు. ఎయిర్ క్లీనర్ పైపు దగ్గర ఈథర్ స్ప్రే ఒక్కసారి కొట్టు, దెబ్బకి లేస్తుంది. మా లారీ షెడ్డులో అదే చేస్తారు.

చీపురుపల్లి_డీజిల్
నాగావళీ, దయచేసి ఆ సలహా వెనక్కి తీసుకో. హీటర్ ప్లగ్గున్న ఇంజన్లో ఈథర్ కొట్టకూడదు. ఈథర్ 160-180 డిగ్రీలకే తనంతట తాను అంటుకుంటుంది, ప్లగ్గు మొన దానికి ఎన్నో రెట్లు ఎర్రగా కాలి ఉంటుంది. పిస్టన్ ఇంకా పైకి రాకముందే పేలుతుంది. రింగులు విరిగిన బండిని, పిస్టన్ పైభాగం పగిలిన బండిని నా చేతులతో విప్పాను.

నాగావళి_ఒడ్డు
లారీలకి ఏమీ కాలేదే?

చీపురుపల్లి_డీజిల్
ఆ లారీలకి హీటర్ ప్లగ్గులు ఉండి ఉండవు, డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడే రకం అయ్యుంటాయి. అయినా వాటికీ అది అలవాటు చేయడం మంచిది కాదు.

ఫౌజీ_టెక్కలి
నేను లేహ్‌లో నాలుగు చలికాలాలు ఫౌజీ లారీ నడిపాను. అక్కడ డీజిలే గడ్డకట్టేది. ట్యాంకు కింద, ఇంజనాయిల్ ఉండే చాంబరు కింద కిరసనాయిలు స్టవ్వు పెట్టి గంట సేపు కాచేవాళ్లం, ఒక మనిషి దాని పక్కనే కాపలా. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ వాళ్లు మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని డీజిల్ లద్దాఖ్‌కి తెచ్చారు, అప్పటికి నేను రిటైరైపోయాను. ఆ చలి చూసినవాడిగా చెబుతున్నాను బాబూ, హిరమండలంలో 14 డిగ్రీలంటే ఇంజనుకి చలే కాదు. చీపురుపల్లి ఆయన చెప్పిన దారిలో వెళ్లు.

ఎస్‌కోట_ఘాట్‌రోడ్
అందరూ వద్దంటున్నారు గానీ నేను బిగించాను. నిజంగా పనికొచ్చింది. మా అత్తగారి పొలం అనంతగిరి పైన ఉంది, జనవరిలో పొద్దున్నే 6 డిగ్రీలు చూశాను. నాది రెండు సిలిండర్ల పాత బండి, నేరుగా కొట్టే రకం, హీటర్ ప్లగ్గులే లేవు. ఇంజను కాస్త అరిగింది కూడా. 230 వోల్టుల 400 వాట్లది తెప్పించి విశాఖలో ఒక మేస్త్రీ దగ్గర పెట్టించాను.

ఎలా పెట్టాడంటే, ముందు రాత్రంతా ఆపిన బండి రేడియేటర్ నీళ్లు, బ్లాకు నీళ్లు మొత్తం వదిలేశాడు. బ్లాకు పక్కన గిన్నె బోర్లించినట్టు రేకు మూతలుంటాయి, అవే కోర్ ప్లగ్గులు. ఒక మూత అంచు మీద పంచ్ పెట్టి కొట్టాడు, అది కంతలోనే అడ్డంగా తిరిగింది, పటకారుతో లాగేశాడు. మధ్యలో కంత పొడిచి పెకిలించొద్దని, లోపల సిలిండరు గోడ దగ్గరగా ఉంటుందని అప్పుడే చెప్పాడు. వచ్చిన మూత చూస్తే లోపలి వైపు తుప్పు పట్టి కాగితంలా ఉంది, గోరుతో నొక్కితే కంత పడింది! అది ఎప్పుడో పొలంలో ఊడిపోయి ఇంజను కాలిపోయేదే.

కంత అంచుని సన్న ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్దాడు. హీటరు రబ్బరు రింగుకి కూలెంట్ రాసి లోపలికి తోసి, కాయిల్ గోడకి తగలకుండా తిప్పి చూసుకుని, మధ్య స్క్రూ బిగించాడు. తరవాత కొత్త కూలెంట్ పోసి, ఇంజను నడిపి ఎయిర్ మొత్తం పోయాక, కారడం లేదని చూసుకుని, అప్పుడే ప్లగ్గు పెట్టాడు. కూలెంట్ లేకుండా ఒక్క నిమిషం స్విచ్చేసినా కాయిల్ మాడిపోతుందట.

రెండు గంటల ముందు వేస్తాను, అంటే 0.8 యూనిట్. చేత్తో ముడితే బ్లాకు గోరువెచ్చగా ఉంటుంది, సగం చుట్టుకే అందుకుంటుంది.

వంశధార_గట్టు
అన్నా, సైజు ఎలా తెలిసింది? అన్నీ ఒకటేనా?

ఎస్‌కోట_ఘాట్‌రోడ్
కాదు. కోర్ ప్లగ్గు కంత వ్యాసాన్ని వెర్నియరుతో కొలవాలి, లోతు కూడా చూడాలి. అర మిల్లీమీటరు తేడా వచ్చినా కారుతుంది. చిన్న ఇంజన్లకి కొన్నిటికి సరిపోయేది దొరకదు. అప్పుడు రేడియేటర్ కింది గొట్టంలో మధ్యన పెట్టేవి ఉన్నాయి, చాంబరుకి అయస్కాంతంతో అంటుకునేవీ ఉన్నాయి. అయస్కాంతంది ఆయిల్‌ని మాత్రమే కాస్త పల్చన చేస్తుంది.

గజపతినగరం_గౌరి
ఎస్‌కోట అన్నయ్య రాసిందంతా బాగుంది, కానీ ఎర్తింగ్ గురించి ఎవరూ మాట్లాడలేదు. మన పాకల్లో రెండు పిన్నుల వైరు లాగి, చివర్లు సాకెట్టులో పుల్లలతో గుచ్చే అలవాటుంది కదా. ట్రాక్టరు రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది. హీటరులో లీకు వస్తే బండి మొత్తానికి కరెంటు ఎక్కి కూర్చుంటుంది, పొద్దున్నే తడి కాళ్లతో వెళ్లి బానెట్టు ముట్టుకున్న మనిషి పరిస్థితి ఏంటి? మా ఊళ్లో నీళ్ల మోటారు దగ్గర ఇలాగే ఒక పిల్లాడు పోయాడు, ఆ ఇల్లు ఇంకా కోలుకోలేదు. పెట్టేవాళ్లు మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్త్ గుంట, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్చి), ఈ మూడూ ఉంటేనే పెట్టండి.

ఎస్‌కోట_ఘాట్‌రోడ్
నిజమే గౌరక్కా, రాయాల్సింది, మర్చిపోయాను. నాకు మూడూ ఉన్నాయి.

పొందూరు_చేను
ఇంకోటి. బండి పొలం దగ్గర పాకలో పెట్టేవాళ్లకి ఎలాగూ కుదరదు. వ్యవసాయ ఫీడరుకి కరెంటు ఇచ్చేది పగలు 9 గంటలు, తెల్లారగట్ల నాలుగింటికి ఎక్కడ్నుంచి వస్తుంది?

వంశధార_గట్టు
బండి ఇంటి దగ్గరే ఉంటుంది. మా మామ్మైతే రాత్రి దానికి దుప్పటి కప్పమంటోంది, దూడకి కప్పినట్టు.

గజపతినగరం_గౌరి
మామ్మ మాట వినండి! సాయంత్రం పని ముగించి తెచ్చాక, సైలెన్సరు చల్లారనిచ్చి, బానెట్టు మీద గోనెపట్టా కప్పితే ఆ వేడి ఇంకొన్ని గంటలు నిలుస్తుంది. మంచు కూడా వైర్ల మీద పడదు. పొద్దున్నే తీయడం మాత్రం మర్చిపోవద్దు.

రాజాం_వర్క్‌షాప్
ఆలస్యంగా చూశాను. వంశధార తమ్ముడూ, రేడియేటర్లో ఏం పోస్తున్నావు? థర్మోస్టాట్ వాల్వు ఉందా, తీసేశారా?

వంశధార_గట్టు
బోరు నీళ్లే. థర్మోస్టాట్ రెండేళ్ల కింద వేడెక్కుతోందని మెకానిక్ తీసి పారేశాడు. అవసరం లేదన్నాడు.

రాజాం_వర్క్‌షాప్
ఇదే నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం. మన దగ్గరికి వచ్చే బండ్లలో చాలా వాటికి థర్మోస్టాట్ ఉండదు. బండి వేడెక్కుతోందంటే రేడియేటర్ రెక్కల్లో ఊక పేరుకుందా, బెల్టు జారుతోందా అని చూడరు, ముందు ఆ వాల్వు పీకేస్తారు. అది ఉన్నది ఇంజనుని చల్లగా ఉంచడానికి కాదు, వేడి దగ్గర నిలబెట్టడానికి. నీళ్లు సుమారు 80 డిగ్రీలు ఎక్కేదాకా రేడియేటరుకి వెళ్లకుండా ఆపుతుంది. తీసేస్తే చలికాలం పొద్దున్న గంట సేపు నడిపినా ఇంజను వెచ్చబడదు, డీజిల్ పూర్తిగా కాలదు, కాలని డీజిల్ రింగుల పక్కనుంచి ఆయిల్లోకి దిగుతుంది, ఆయిల్ పల్చబడి బేరింగులు తినేస్తుంది. ఏడేళ్ల బండి పన్నెండేళ్ల బండిలా అయిపోయేది ఇలాగే.

బోరు నీళ్లు ఇంకో పాపం. మన వైపు చాలా బోర్లలో నీళ్లు ఉప్పగా, సున్నం పట్టేలా ఉంటాయి. టీ గిన్నె అడుగున తెల్లగా పట్టేదే బ్లాకు లోపలా పడుతుంది. అలాంటి నీళ్లలో హీటరు పెడితే కాయిల్ మీద సున్నం పెంకు కట్టి రెండు సీజన్లలో పోతుంది. ఎస్‌కోట ఆయన తీసిన మూత కాగితంలా అయ్యిందన్నారు కదా, అదీ ఉత్త నీళ్ల పనే. మనకి నీళ్లు గడ్డకట్టే చలి లేదు కదా కూలెంట్ ఎందుకని అందరూ అడుగుతారు. తుప్పు పట్టకుండా ఉండడానికి, మరిగే డిగ్రీ పెరగడానికి. శుద్ధి చేసిన నీళ్లు సగం, కూలెంట్ సగం.

జీడితోట_కాశీబుగ్గ
రాజాం గురువుగారూ, నాదీ థర్మోస్టాట్ లేదు. మీ పోస్టు చదివాక ఇవాళే కొంటున్నాను.

ఇచ్ఛాపురం_సముద్రం
మా తీరం పక్క ఇంకో గొడవ ఉంది, ఉప్పుగాలి. బ్యాటరీ కొత్తదే, సెల్ఫ్ కొత్తదే, అయినా టక్ టక్ అని ఆగిపోయేది. చివరికి బ్యాటరీ మైనస్‌ని ఇంజనుకి కలిపే ఎర్త్ పట్టీ దగ్గర తేలింది. వంశధార అన్నా, హీటర్ ప్లగ్గులతో పాటు అది కూడా చూడండి. మల్టీమీటరుని డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక ముల్లు బ్యాటరీ మైనస్ కొమ్ము మీద, రెండోది ఇంజను బ్లాకు మీద ఆనించి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటిందంటే ఆ దారిలో తుప్పుంది.

చీపురుపల్లి_డీజిల్
మంచి పరీక్ష. ప్లగ్గుల పరీక్ష నేను చెబుతాను. బ్యాటరీ మైనస్ తీసేయ్. మూడు ప్లగ్గుల తలల మీద ఒక రేకు పట్టీ ఉంటుంది, చిన్న నట్లు విప్పి దాన్ని తీసి పక్కన పెట్టు. ఇప్పుడు మైనస్ మళ్లీ తగిలించి, 12 వోల్టుల టెస్ట్ బల్బు క్లిప్పుని బ్యాటరీ ప్లస్‌కి పెట్టి, మొనని ఒక్కో ప్లగ్గు తలకి ఆనించు. బల్బు వెలిగితే ప్లగ్గు తీగ బతికుంది, వెలగకపోతే పోయింది. విప్పిన వైరు బాడీకి తగలకుండా టేపు చుట్టు. ప్లగ్గు విప్పేటప్పుడు ఇంజను వెచ్చగా ఉండాలి, బలవంతం చేయొద్దు, హెడ్డులో విరిగిందంటే హెడ్డు దింపాలి.

పొందూరు_చేను
డీజిల్ డ్రమ్ముల్లో దాచుకునేవాళ్లు కూడా చూసుకోండి. మన దేశపు డీజిల్ ప్రమాణం ఐఎస్ 1460 ప్రకారం వేసవి డీజిల్ పోర్ పాయింట్, అంటే చలికి పారడం ఆగిపోయే హద్దు, 15 డిగ్రీల దాకా ఉండొచ్చు, చలికాలపుది 3 దాటకూడదు. మేలో కొన్న డ్రమ్ము డిసెంబరులో వాడితే మైనం విడిపోయి ఫిల్టరుకి అడ్డుపడే అవకాశం ఉంది.

వంశధార_గట్టు
డ్రమ్ము లేదన్నా, రోజూ బంకు నుంచే. ఆదివారం మీరు చెప్పినవన్నీ చూసి ఫలితం రాస్తాను.

వంశధార_గట్టు
చూశాను. ముందుగా ఎర్త్. మా సొంత తమ్ముడు సెల్ఫ్ కొడితే మీటరు 1.8 వోల్టులు చూపించింది! పట్టీ వెంట చెయ్యి పెట్టుకుంటూ వెళ్తే సెల్ఫ్ మోటారు వెనకాల, ఎవరి కంటికీ ఆనని చోట, ఒక బోల్టు. దాని చుట్టూ పచ్చగా, పసుపు ముద్దలా పొడి. విప్పితే వాషరు కింద కంపెనీ పెయింటు కూడా గీకకుండా అలాగే ఉంది, అంటే కొన్నప్పట్నుంచీ అది సగమే ఆనుతోందన్నమాట. ఉప్పుకాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది బిగించి పైన గ్రీజు పూశాను. మళ్లీ కొడితే 0.2.

తరవాత ప్లగ్గులు. మొదటిది వెలిగింది. రెండోది లేదు. మూడోది లేదు. పైగా వాటికి కరెంటిచ్చే ఫ్యూజు కూడా మాడిపోయి ఉంది. ఉన్న ఒక్క ప్లగ్గూ ఇన్నాళ్లూ ఖాళీగానే కూర్చుంది. నాన్న అది చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తరవాత ఆ రెండు ప్లగ్గుల్నీ చొక్కా జేబులో వేసుకుని శ్రీకాకుళం బయల్దేరాడు. నమూనా చూపించి మూడూ కొత్తవే తెచ్చాడు.

ఇవాళ పొద్దున్న 4:50కి, 13 డిగ్రీలు. తాళం హీట్ వైపు తిప్పి పది లెక్కపెట్టి సెల్ఫ్ కొట్టాను. రెండో చుట్టు కూడా పూర్తవలేదు. నాన్న కళ్లాపి చల్లుతున్న అమ్మని పిలిచి మరీ చూపించాడు.

ఫౌజీ_టెక్కలి
శభాష్ బాబూ.

సాస్కటూన్_సిక్కోలు
చాలా సంతోషం. మీ తమ్ముడి సూట్‌కేసులో చోటు మిగిలింది, మామ్మకి మంచి ఉన్ని శాలువా తెమ్మనండి.

రాజాం_వర్క్‌షాప్
బాగుంది. ఇక థర్మోస్టాట్, కూలెంట్. నూర్పులు అయ్యేదాకా ఆగకు.

వంశధార_గట్టు
వాల్వు ఆర్డరిచ్చాను గురువుగారూ, గురువారం వస్తుంది. ఒక అనుమానం. ఏడేళ్లుగా బోరు నీళ్లు నడిచిన బ్లాకులో నేరుగా కూలెంట్ పోసేయొచ్చా?

రాజాం_వర్క్‌షాప్
వద్దు. పాత నీళ్లు వేడి మీద ఉన్నప్పుడు కాదు, చల్లారాకే వదులు. మంచి నీళ్లు పోసి, థర్మోస్టాట్ లేకుండానే పావుగంట నడిపి, చల్లారాక వదిలేయ్. వచ్చే నీళ్లు తేటగా వచ్చేదాకా మూడు నాలుగుసార్లు అలాగే చెయ్యి. అప్పుడు వాల్వు కొత్త గ్యాస్కెట్టుతో పెట్టి కూలెంట్ పొయ్యి. బ్లాకు పక్కన కోర్ ప్లగ్గుల కింద తడి మరక ఏమైనా ఉందేమో టార్చి వేసి చూడు, సున్నం పోయాక అక్కడ కారడం మొదలవ్వొచ్చు.

నాగావళి_ఒడ్డు
మా చిన్నాన్న మినీ బండికి ఇవాళ టెస్ట్ బల్బు పెట్టి చూశాను. మూడింటికి మూడూ వెలగలేదు. ఈథర్ డబ్బా పాకలోంచి తీసేశాను. వంశధారా, ఆ ప్లగ్గులు శ్రీకాకుళంలో ఏ వైపు దొరికాయి?

వంశధార_గట్టు
నాన్నని అడిగి చెబుతాను. పాత ప్లగ్గు ఒకటి తప్పకుండా పట్టుకెళ్లు, మర పొడుగులో తేడా ఉన్నవి రెండు రకాలు ఉన్నాయట.